మూడో అర్థం

మా ఏసుపాదం మాస్టారి నిఘంటువు ఇప్పుడు నా దగ్గరుంది. ఆయన పోయే ముందు భార్య జ్ఞానమ్మ గారి చేత పంపించారు. నాకు దాంతో పనేమీ లేదు. మా ఆవిడకి అది కంటబడినప్పుడల్లా "ఆ దరిద్రాన్ని ఏ లైబ్రరీకో ఇచ్చెయ్యకూడదా" అంటుంది. ఇవ్వను. తీసుకున్నవాళ్ళెవరైనా మొదటి పేజీలు తిరగేసి ఆ మాట దగ్గర ఆగుతారేమోనని నా భయం. అందుకే బీరువాలో పాత రశీదు పుస్తకాల కింద పెట్టి తాళం వేశాను.

నా పేరు చంద్రరావు. రాజోలుకి ఆరు కిలోమీటర్ల దూరంలో, వశిష్ఠ గట్టు పక్కనున్న మా ఊళ్ళో ముప్పై ఒక్క ఏళ్ళు బ్రాంచి పోస్టాఫీసు నడిపాను. పోస్టుమాస్టర్నీ నేనే, ఇల్లిల్లూ తిరిగి ఉత్తరాలు పంచేవాణ్ణీ నేనే. నాకు ముక్కు మీద కోపమని ఊళ్ళో పేరుంది. అది అబద్ధం పేరేమీ కాదు.

మాస్టారు మిషను బడిలో ముప్పై నాలుగేళ్ళు పాఠాలు చెప్పారు. పొడుగాటి మనిషి, ఎండాకాలంలోనూ గొడుగు వదలరు. ఆయన ఇంగ్లీషు గొప్పదేమీ కాదు. ట్రైనింగు పూర్తయిన ఏడు రాజమండ్రిలో పాత పుస్తకాల కొట్లో ఈ ఇంగ్లీషు తెలుగు నిఘంటువు కొన్నారు. అప్పటికే అది పాతది. అట్ట ఊడిపోయింది, ఎవరు రాశారో ఏ ఏడు వేశారో చెప్పే పేజీలు చెదలు తిన్నాయి. చిరిగిపోయిన మెయిలు సంచీ గుడ్డ ఒకటి నేనే ఇస్తే దాంతో అట్ట కుట్టించుకున్నారు. సర్కారు గుడ్డ అది, ఇప్పుడెవరూ అడగరులెండి.

ఊళ్ళో ఇంకెవరి దగ్గరా అలాంటి పుస్తకం లేదు. పిల్లలకి స్కూలు డిక్షనరీలు వచ్చాక కూడా పెద్దవాళ్ళు మాస్టారి అరుగు మీదకే వచ్చేవారు. పురుగుమందు డబ్బా పట్టుకుని ఒకరు, కోర్టు నోటీసు పట్టుకుని ఒకరు, డాక్టరు రాసిన చీటీ పట్టుకుని ఇంకొకరు. ఆయన ముందు కాగితం మీద ఆ మాట పెన్సిలుతో రాసుకునేవారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, వేలు తడి చేసుకుని, పేజీ తీసి, ఆ మాటకున్న అర్థాలన్నీ పైకి చదివేవారు. ఒక్కటి కూడా వదిలేవారు కాదు. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట.

"ఇవీ అర్థాలు. మీకు ఏది తగితే అది తీసుకోండి."

ఎందుకు మాస్టారూ అన్నీ చదవడం, సరిపోయేది ఒకటి చెప్పి పంపెయ్యరాదా అని నేనోసారి విసుక్కున్నాను. అప్పుడు చెప్పారు. డెబ్భై నాలుగులో వడ్రంగి వీరబ్రహ్మానికి ద్రాక్షారామం నుంచి టెలిగ్రామ్ వచ్చింది. ఫాదర్ క్రిటికల్ అని రెండే మాటలు. మాస్టారు నిఘంటువు తీసి మొదటి అర్థం చూశారు. విమర్శించునట్టి, తప్పులెన్నునట్టి అని ఉంది. తండ్రికీ కొడుక్కీ అప్పటికే పడదని ఊరందరికీ తెలుసు. "మీ నాన్న గారు నీ మీద తప్పులెంచుతున్నారట" అని చెప్పి పంపించేశారు. వీరబ్రహ్మం నవ్వుకుని పనిలో పడ్డాడు. నాలుగు రోజుల తర్వాత కబురు తెలిసి పరిగెత్తి వెళ్ళేసరికి చితి కూడా చల్లారిపోయింది. ప్రాణాపాయ స్థితిలోనున్న అనేది ఆ మాటకి రెండో అర్థం, ఆ కిందనే ఉంది.

"ఏరే హక్కు నాకెవరిచ్చారు చంద్రరావూ? పుస్తకంలో ఉన్నదంతా చదవడం వరకే నా పని" అన్నారు మాస్టారు.

ఆ నియమం వల్ల నవ్వులాటలూ అయ్యాయి. పల్లంరాజు గారబ్బాయికి హైదరాబాదు నుంచి ఒక సంబంధం వస్తే, అందులో అమ్మాయి హోమ్లీ అని రాశారు. మాస్టారు యథాప్రకారం మూడర్థాలూ చదివారు. ఇంటిపట్టుననుండు, నిరాడంబరమగు, అందములేని. పల్లంరాజు గారి మొహం ఆముదం తాగినట్టయింది. తీరా వెళ్ళి చూస్తే పిల్ల బంగారు బొమ్మ. పెళ్ళిలో వడ్డిస్తూ కూడా "అందములేని మాస్టారికి ఇంకో బూరె వెయ్యండి" అని ఆటపట్టించారు. అందరం నవ్వాం. మూడో అర్థం ఎంత పని చేయగలదో అప్పటికే మాకు తెలియాల్సింది. తెలియలేదు.

వెంకటదుర్గ మా ఊరి కోడలు. మొగుడు అప్పాజీ కొబ్బరి చెట్లెక్కి దింపు తీసేవాడు. పందేనికి నలభై చెట్లెక్కి దిగి, అప్పుడు చద్దన్నం తినే మనిషి. తొంభై ఆరు తుఫాను తర్వాత, వంగిపోయిన చెట్టొకటి ఎక్కబోయి పడ్డాడు. తుంటి విరిగింది. కాలు పొట్టిదైపోయి చంకకర్రతో మిగిలాడు. తల్లి చిట్టెమ్మ, ఏడేళ్ళ కూతురు హారతి, మంచంలో అతను. మా వైపు ఆడవాళ్ళు చాలామంది వెళ్ళినట్టే వెంకటదుర్గ కూడా ఇంటిపనికి కువైట్ వెళ్ళడానికి సిద్ధపడింది. ఏడో తరగతి దాకా చదువుకుంది. ప్రయాణానికి ముందు ఇరవై రోజులు మాస్టారి దగ్గర కూర్చుని ఇంగ్లీషు మాటలు నేర్చుకుంది. చీపురు, ఇస్త్రీ, ఉప్పు, జ్వరం, నొప్పి. మాస్టారు ఆమెకి జేబులో పట్టే చిన్న నిఘంటువొకటి ఇచ్చి, చూడ్డం నేర్పారు.

"ముందు మొదటక్షరం చూడాలమ్మా. తర్వాత రెండోది. అది దాటితే మూడోది. కంగారు పడకు. ఏ మాటైనా దాని చోట్లోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు."

రెండో రోజుకే పట్టేసింది. "నా పేరు లేదేంటండీ ఇందులో?" అని అడిగింది. మాస్టారు అంతగా నవ్వడం నేను అప్పుడే చూశాను.

తొంభై ఏడు సెప్టెంబరులో వెళ్ళింది. మొదట్లో నెలకో ఉత్తరం వచ్చేది. సంక్రాంతి దాటాక ఆగిపోయాయి. తొంభై ఎనిమిది మే ఇరవయ్యో తారీకున, ఆమెని పంపించిన బొంబాయి ఏజెంటు ఆఫీసు నుంచి అప్పాజీ పేర టైపు కొట్టిన కవరొకటి వచ్చింది. ఇచ్చింది నేనే. అతను విప్పి, అటూ ఇటూ తిప్పి, "మాస్టారి దగ్గరకి పోదాం రండి చంద్రరావు గారూ, నాకు కాళ్ళాడతం లేదు" అన్నాడు. వెళ్ళాం. అరుగు మీద ఎప్పటిలాగే అయిదారుగురున్నారు. లోపలికెళ్ళి చదివించుకుంటే ఏమయ్యేది? ఆ బుద్ధి నాకూ పుట్టలేదు, మాస్టారికీ పుట్టలేదు.

ఉత్తరంలో నాలుగే వాక్యాలు. మాస్టారు మూడింటిని సులువుగానే చెప్పారు. నాలుగోది చదువుతూ, నీ భార్య మే రెండో తారీకున యజమాని ఇంటి నుంచి, అని ఒక మాట దగ్గర ఆగారు. ఆ మాట ఆయనకి తెలియదు. నాకూ తెలియదు. పెన్సిలుతో రాసుకున్నారు. ఆబ్‌స్కాండెడ్.

మొదట్లోనే ఉండే మాట, పేజీ వెంటనే దొరికింది. వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు.

"దాగుకొను. పరారియగు. లేచిపోవు."

"మీకు ఏది తగితే" అని మొదలుపెట్టి ఆపేశారు. వెనకనుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. అప్పాజీ చంకకర్ర ఊనుకుని ముందుకు వంగాడు.

"మాస్టారూ, ఆ మూడోది మళ్ళీ చదవండి."

ఆయన మళ్ళీ చదివారు. దేవుడా, ఆ మనిషి మళ్ళీ చదివారు! అబద్ధమాడడం చేతకాని మనుషులు ఒక్కోసారి ఎంత అన్యాయం చేస్తారో ఆ రోజు చూశాను.

మగవాడు ఊరొదిలి పోతే మా వైపు పరారీ అంటాం. అప్పులవాళ్ళ భయమో, పోలీసుల భయమో అనుకుంటాం. ఆడది పోతే ఒకటే మాట. దానికి ఒకటే అర్థం. పక్కన ఇంకో మగవాడు లేకుండా ఆ మాట మా ఊళ్ళో పుట్టదు. పొద్దు వాలేసరికి వెంకటదుర్గకి కువైట్‌లో ఒక డ్రైవరుని కట్టబెట్టేశారు. మర్నాటికి ఆ డ్రైవరుది ఏ ఊరో కూడా తేలిపోయింది. నోటికి అడ్డేముంది, తపాలా బిళ్ళ అంటించక్కర్లేదు కదా.

చిట్టెమ్మ రేవులోకి దిగి నెత్తిన మూడు బిందెల నీళ్ళు కుమ్మరించుకుంది. "నా కోడలు సచ్చిందండీ, నీళ్ళొదిలేశాం" అని ఎదురైన వాళ్ళందరికీ చెప్పింది. గోడ మీదున్న పెళ్ళి ఫొటో దించి, సగం కత్తిరించి, కొడుకున్న సగం మళ్ళీ తగిలించింది.

మాస్టారు ఆ రాత్రి అన్నం తినలేదని జ్ఞానమ్మ గారు చెప్పారు. తర్వాత ఆయన అరుగు మీద కూర్చోవడం తగ్గించేశారు.

జూన్ పన్నెండున కువైట్ ముద్రతో ఉత్తరం వచ్చింది. పై అడ్రసు వెంకటదుర్గ చేతిరాత. వెనక ఆమె పేరు, దాని కింద ఇండియన్ ఎంబసీ అని ఇంకెవరో ఇంగ్లీషులో రాశారు. డ్రైవరుతో పోయిన మనిషి ఎంబసీలో ఎందుకుంటుంది? పరుగున వెళ్ళి అప్పాజీకి ఇవ్వబోయాను. అతను చెయ్యి చాపలేదు.

"నేను పుచ్చుకోనండి."

"విప్పి చూడవయ్యా. వెనకాల ఏముందో చూశావా?"

"చచ్చినోళ్ళు ఉత్తరాలు రాయరు చంద్రరావు గారూ. తీసుకుపోండి."

పుచ్చుకోనంటే అప్పుడే వెనక్కి పంపాలి, అది రూలు. ఇంటికి తాళం వేసి ఉంటే మాత్రం ఏడు రోజులు ఉంచుకోవచ్చు. తాళం వేసి ఉంది అని పుస్తకంలో రాసి ఉత్తరం ఉంచేశాను. నా సర్వీసులో నేను రాసిన మొదటి అబద్ధం అది. సరాసరి మాస్టారి ఇంటికి వెళ్ళాను.

ఆయన కవరుని రెండు చేతులా పట్టుకుని దీపానికి ఎదురుగా పెట్టి చూశారు. ఏమీ కనబడలేదు. "విప్పుదాం చంద్రరావూ" అన్నారు.

"జైలుకి పోతానండి."

"నేను విప్పానని చెప్పు. నేను పోతాను."

"మీరు పోయినా ఉద్యోగం నాదే పోతుందండి" అని కవరు లాగేసుకున్నాను. ఇప్పుడైతే విప్పుతాను. నలుగురిలో విప్పి గట్టిగా చదువుతాను. పెళ్ళాం పిల్లలున్నవాడిని, ఆ రోజు భయపడ్డాను.

ఇక ఆ ఏడు రోజులూ మాస్టారు మాస్టారిలా లేరు. చెయ్యవలసింది ఒక్కటే, అప్పాజీ చేత ఆ ఉత్తరం పుచ్చుకునేలా చెయ్యడం. మొదటి రోజు వెళ్ళి బతిమాలారు. రెండో రోజు తనకి ఇంగ్లీషు రాదని, తాను చదివింది తప్పని చెప్పారు. "పుస్తకంలో లేనిది చదివారాండీ?" అని అప్పాజీ అడిగాడు. ఉన్నదే చదివారు. మూడో రోజు తెల్లారకుండానే బస్సెక్కి రాజమండ్రి పోయారు. అక్కడ పెద్ద గ్రంథాలయంలో సాయంత్రం దాకా కూర్చుని, దొరికిన నిఘంటువులన్నీ తిరగేసి నోటుబుక్కు నిండా రాసుకొచ్చారు. ముసలాయన, డెబ్భై దగ్గర పడ్డాయి, మధ్యాహ్నం ఏమీ తినలేదట. మర్నాడు నన్ను కూడా తీసుకుని అప్పాజీ ఇంటికెళ్ళారు.

"చూడరా అప్పాజీ. నాలుగు పుస్తకాలు చూశాను. ఒక్కదాంట్లోనూ ఆ మూడోది లేదు. మరి మన పుస్తకంలో ఎందుకుందీ అంటావా? అది పాత తెలుగురా. ఆ రోజుల్లో లేచిపోవడం అంటే ఉన్నచోటు వదిలి పోవడమే. కరువొచ్చి, శిస్తులు కట్టలేక రైతులు ఊళ్ళకి ఊళ్ళు లేచిపోయారు అని రాసేవాళ్ళు. అందులో తప్పేమీ లేదురా. బాధ పడలేక పోవడం, అంతే."

గుమ్మంలో హారతి నిలబడి వింటోంది. నాయనమ్మ వచ్చి లోపలికి లాక్కుపోయింది.

అప్పాజీ నోటుబుక్కు కేసి చూశాడు. "మీరు చెప్పింది నిజమేనేమోనండి. మరి ఊళ్ళోవాళ్ళు ఆ పాత తెలుగు మాట్లాడతారాండీ?" అన్నాడు.

మాస్టారు నోటుబుక్కు మూశారు.

"నేను కాలిరిగినోణ్ణి మాస్టారూ. పెళ్ళాం సంపాదిస్తే తిన్నోణ్ణి. ఆ మాట వినగానే ఊరంతా నమ్మేసింది, మీరు చూశారు కదా. ఎందుకు నమ్మిందండీ? మా అమ్మ నమ్మింది. నేనే నమ్మాను. ఇలాంటోడి దగ్గర ఎవరుంటారులే అనిపించింది నాకు. ఇప్పుడు ఆ కవరు విప్పితే, అందులో నిజంగా అదే ఉంటే, నేనెక్కడికి పోవాలండీ?"

ఆ మాటతో నాకు జాలేసింది. కానీ నా జాలి కంటే నా కోపం ముందు నడుస్తుంది. "విప్పకుండానే ఉరి వేసేస్తావా ఆవిణ్ణి?" అని అరిచాను. చిట్టెమ్మ బయటికొచ్చి శాపనార్థాలు మొదలెట్టింది. మాస్టారు నా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు.

అయిదో రోజు రాజోలులో ఎస్టీడీ బూతుకెళ్ళాం. బూతు అతను ఎలాగో కువైట్‌లో ఎంబసీ నెంబరు సంపాదించి కలిపి ఇచ్చాడు. వెంకటదుర్గ అక్కడుందా అని ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసుకొచ్చింది మాస్టారు చదివారు. అవతలివాళ్ళు మర్యాదగానే ఏదో అడిగారు, గబగబా. మాస్టారు నా వైపు చూశారు. వాళ్ళు మళ్ళీ అడిగారు. ఆయన కాగితంలో ఉన్నదే మళ్ళీ చదివారు. నలభై ఏళ్ళు ఊరందరికీ ఇంగ్లీషు విప్పి చెప్పిన మనిషి ఫోను పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడిపోయారు. పుస్తకంలో మాట ఎంతసేపైనా ఆగుతుంది, నోట్లోంచి వచ్చిన మాట ఆగదు కదా. లైను తెగిపోయింది.

"పోనీ, మీరే ఆవిడకి ఉత్తరం రాయండి మాస్టారూ" అన్నాను, బస్సు దిగాక.

"మొగుడు రాయాల్సిన చోట నేను రాస్తే ఊరు దానికి ఇంకో అర్థం తీస్తుంది చంద్రరావూ. ఆ పిల్లకి ఇప్పుడున్న అర్థాలు చాలవా?"

జూన్ పందొమ్మిది ఏడో రోజు. రెండున్నరకి మెయిలు సంచీ రాజోలు పోవాలి. పొద్దున్నే కవరు పట్టుకుని చివరిసారి వెళ్ళాను. అప్పాజీ వాకిట్లో మంచం మీదున్నాడు. చుట్టూ ఇంకో నలుగురు. వాళ్ళు లేకపోతే పుచ్చుకునేవాడేమో, ఇప్పటికీ అనుకుంటాను. నన్ను చూసి వాళ్ళు నవ్వుకున్నారు. "డ్రైవరు గారి పెళ్ళిపిలుపేమోరా" అన్నాడొకడు. అప్పాజీ కవరు లాక్కుని విసిరి కొట్టాడు. అది పేడకళ్ళాపి మీద పడింది.

వంగి తీసుకుని, తుడుచుకుని, పోస్టాఫీసుకి వచ్చాను. ఒళ్ళంతా మంటగా ఉంది. గడువులోగా ఎవరూ పుచ్చుకోలేదు అని రాయడానికి ఒక మాటుంది, పుచ్చుకోనన్నారు అని రాయడానికి వేరే మాటుంది. మొదటిది మెత్తటిది. ఆ రోజు మెత్తటిది రాసే మనసు నాకు లేదు. ఎర్ర సిరా తీసి కవరు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రిఫ్యూజ్డ్ అని ఇంగ్లీషులో రాశాను. కింద గీత గీశాను. కాగితం చిరిగేంత గట్టిగా గీశాను. అప్పాజీ మీద కోపం అదంతా. కానీ ఆ కవరు పోయేది అప్పాజీ దగ్గరకి కాదు. ఆ సంగతి సంచీ కట్టేశాక తట్టింది. తట్టినా, అది వట్టి ఆఫీసు మాటే కదా అనుకున్నాను.

మాస్టారు ఆగలేక జులైలో తానే ఎంబసీ అడ్రసుకి ఒక ఉత్తరం రాశారు. తప్పు నాది తల్లీ, నువ్వొచ్చేయి, మా ఇంట్లో ఉందువు గాని అని. అది అక్టోబరులో తిరిగొచ్చింది, ఈ పేరు గలవారు వెళ్ళిపోయారు అనే ముద్రతో. అంతకుముందే, ఆగస్టు ఆఖర్లో, వెంకటదుర్గ దగ్గర్నుంచి మాస్టారి పేర ఉత్తరం వచ్చింది. పంపినవారి అడ్రసు లేదు.

ఈసారి మాస్టారు లోపల గదిలో చదువుకున్నారు. చదివి, అప్పాజీని పిలుచుకు రమ్మన్నారు. రానంటాడనుకున్నాను. వచ్చాడు. అరుగు మీద మేం ముగ్గురమే ఉన్నాం. మాస్టారు మొదటి నుంచి చివరి దాకా ఒక్క మాట వదలకుండా చదివారు. ఆ ఉత్తరం ఇప్పటికీ ఈ నిఘంటువు పేజీల మధ్యే ఉంది.

"మాస్టారు గారికి వెంకటదుర్గ నమస్కారాలు. మీరు, జ్ఞానమ్మ గారు క్షేమమని తలుస్తాను. నేనున్న ఇంట్లో అమ్మగారు కాలుతున్న ఇస్త్రీపెట్టె నా వీపుకి పెట్టిందండి. ముందు కూడా కొట్టేది, ఉత్తరాలు రాయనిచ్చేది కాదు. అందుకని గోడ దూకి వచ్చేశాను. ఎంబసీవాళ్ళు మంచివాళ్ళు, అన్నం పెట్టారు, మందు రాశారు. మీ ఇంటివాళ్ళు నిన్ను తీసుకుంటామని ఒక ముక్క రాస్తే పంపించేస్తాం అన్నారు. ఆయనకి అదే రాశాను. ఆ ఉత్తరం తిరిగొచ్చింది. దాని మీద ఎర్ర సిరాతో ఒక మాట రాసి కింద గీత గీశారు. ఎవరినీ అడగలేదండి. మీరు నేర్పినట్టే మొదటక్షరం, రెండో అక్షరం, మూడో అక్షరం చూసుకుని నేనే వెతుక్కున్నాను. చెత్త, పెంట, పారవేసినది అని ఉంది. మా వాళ్ళకి నేను అంతే అయితే ఇంక రానండి. ఇక్కడ వేరే ఇంట్లో పనికి పోతున్నాను. హారతిని బడి మాన్పించొద్దని చెప్పండి. మీరిచ్చిన పుస్తకం నా దగ్గరే ఉంది."

అప్పాజీ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఆ చేతుల చాటునుంచే, "అంత మాట నేననలేదండి. పుచ్చుకోనన్నాను, అంతే. ఎవరన్నారండీ చెత్త అని?" అన్నాడు.

మాస్టారు లోపలికెళ్ళి నిఘంటువు తెచ్చారు. కళ్ళజోడు తుడుచుకోలేదు, వేలు తడి చేసుకోలేదు. రిఫ్యూజ్ ఉన్న పేజీ తీసి పైకి చదివారు. ఆయన ఆ పుస్తకంలోంచి చదవడం అదే ఆఖరు.

"నిరాకరించు. పుచ్చుకొననొల్లకుండు. చెత్త, పెంట."

"మరి మొదటిది కనబడలేదాండీ దానికి?"

"కనబడే ఉంటుందిరా. ఏ అర్థమూ వదలకుండా చూడ్డమే నేను నేర్పాను." పుస్తకం మూశారు. "ఇన్నేళ్ళూ ఏది తగితే అది తీసుకోండి అని చెబుతూ వచ్చాను అప్పాజీ. పిచ్చివాణ్ణి. తగింది ఎవరు తీసుకుంటారు? తగిలిందే తీసుకుంటారు. నువ్వూ అంతే కదరా."

అప్పాజీ చంకకర్ర కోసం తడుముకున్నాడు. నేను అందించాను. అది పట్టుకుని లేవబోతూ ఆగి నా మొహంలోకి చూశాడు.

"ఆ మాట మీరు రాశారాండీ, చంద్రరావు గారూ?"

"నేనే."

"కింద గీత కూడానా?"

"గీత కూడా నేనే గీశాను" అన్నాను.